సంఘం చెల్కకు కప్పిన గడ్డి

మోదుగుపూలను చూసి చప్పట్లు కొట్టే మనుషులంటే నాకు ఇప్పటికీ ఒళ్లుమంట. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బస్సుదారిలో, తాడ్వాయి దాటి ఇంకొంత దూరం పోయాక మా ఊరు. హోళీనాటి కాముని పున్నమి వచ్చేసరికి గుట్టల మీద మోదుగులు ఎర్రగా పూసేవి. మా ఊళ్లో వాటిని ఎవరూ ఆగి చూసేవాళ్లు కాదు. అవి పూశాయంటే బావుల్లో నీళ్లు అడుగుకు పోతున్నాయని, పసుల మేతకు తిప్పలు మొదలయ్యాయని అర్థం. హైదరాబాదు నుంచి జీపుల్లో దిగినవాళ్లు మాత్రం "ఎంత అందం, ఎంత అందం" అంటూ కొమ్మలు విరిచి జీపు ముందు కట్టుకునేవాళ్లు. వాళ్లకు చల్లటి నీళ్లు అందించి, పక్కన నిలబడి పళ్లికిలించినవాణ్ని నేను. అందుకే ఈ రాతలో ఎవరిని తిట్టినా, ఆ తిట్లలో పెద్ద వాటా నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను.

పట్నపు స్వచ్ఛంద సంఘం వాళ్లు మా ఊరికి వచ్చింది ఎనభైల చివర్లో. అప్పటికి రెండేళ్లుగా వానలు ముఖం చాటేశాయి. ఊరికి పడమట, గుట్ట కింద, మా ఇంటితో కలిపి పదమూడు ఇళ్లవాళ్ల చెల్కలు పక్కపక్కనే ఉండేవి. చెల్క అంటే వాన తప్ప వేరే దిక్కులేని ఎర్రనేల. వాటన్నింటినీ ఒక్క కమతం చేసి, అందరం కలిసి పనిచేసి, మందు బస్తాలు లేకుండానే చచ్చిన నేలకు మళ్లీ ప్రాణం పోద్దామని సంఘం వాళ్లు చెప్పారు. మూడేళ్లకు కాగితం రాసుకున్నారు. గట్టు మీద "సామూహిక భూ పునరుజ్జీవన క్షేత్రం" అని బోర్డు పాతారు. ఊళ్లో చదువొచ్చినవాళ్లకే అది నోరు తిరగలేదు. అందరూ సంఘం చెల్క అన్నారు, ఆ పేరే నిలిచింది.

సంఘానికి పెద్ద ఒకాయన ఉండేవాడు. ఆయన్ని అందరం సార్ అనేవాళ్లం. చేనేత చొక్కా, భుజాన గుడ్డసంచి, కాళ్లకు మాత్రం మంచి పట్నం బూట్లు. పిడికెడు మట్టి తీసి వాసన చూసేవాడు. ఒక్కోసారి చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు. మట్టి రుచి తెలిసినవాడికి మన కష్టం కూడా తెలుస్తుందని మావాళ్లు నమ్మారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పకపోతే అబద్ధమాడినవాణ్నవుతాను. గుట్ట వాలుకు అడ్డంగా రాళ్లకట్టలు వేసినప్పుడు మాతో సమానంగా రాళ్లు మోసి అరచేతులు బొబ్బలెక్కించుకున్నాడు. కానీ మంచివాడి మొండితనం కంటే చెడ్డవాడి మొండితనమే నయం. చెడ్డవాడి మీదైతే తిరగబడతాం, మంచివాడి ముందు తలూపుతూ కూర్చుంటాం.

నేనప్పటికి కామారెడ్డి కాలేజీలో బి.ఎస్సీ. మీద రెండు దండయాత్రలు చేసి గట్టెక్కి, ఏ కొలువూ దొరక్క, అరుగు మీద కూర్చుని ఊరందరినీ చిన్నచూపు చూస్తున్నాను. సార్ నన్ను క్షేత్ర సహాయకుడిగా పెట్టుకున్నాడు. ఒక సైకిలు, మెడలో వేసుకునే ఒక విజిల్ ఇచ్చాడు. విజిల్ మెడలో పడగానే నా నడకే మారిపోయింది. అవసరం ఉన్నా లేకున్నా ఊదేవాణ్ని. ఊరకుక్కలు కూడా లెక్కచేయని ఆ విజిల్‌ను నేను ఎంత ముద్దుగా చూసుకున్నానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎండలు ముదరకముందు చెల్కల్లో ఏం పనులుంటాయో సార్ మాకు నేర్పాడు. ఎండిన చెరువులోంచి పూడుమట్టి తీసి బండ్లతో చేన్లకు తోలాలట. గొల్లవాళ్లను పిలిచి గొర్ల మందను నాలుగు రోజులు చేన్లో ఆపించుకుంటే ఎరువట. కానుగ కొమ్మలు కొట్టి ఆకు కుళ్లబెట్టాలట. విత్తనపు జొన్నలకు బూడిద పట్టించి కుండలో దాచాలట. ఇవన్నీ మా తాతల తాతలు చేసిన పనులే. వాటినే ఆయన బడిలోని నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసి, బాణం గుర్తులు వేసి చూపేవాడు. మా బాపు వయసు వాళ్లు చేతులు కట్టుకుని, చిన్నపిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చుని, కొత్త సంగతేదో వింటున్నట్టు వినేవాళ్లు. జీపులో వచ్చినవాడు చెబితే పెంటకుప్ప కూడా శాస్త్రమే. వాళ్ల తలలూపుడు చూస్తే నాకు సార్ మీద కంటే వాళ్ల మీదే ఎక్కువ అసహ్యం కలిగేది. ఆ తలలూపించే పనిలో నేనూ ఉన్నానన్నది అప్పట్లో నాకు తోచలేదు.

తల ఊపనివాడు ఒక్కడే ఉండేవాడు. మా చెల్కకు ఆనుకుని ఉన్న చెల్క ఆయనది. మేం చాచా అని పిలిచేవాళ్లం. ఇద్దరు కొడుకులు దుబాయి పోయారు. చాచా రెండు బర్రెలను పెట్టుకుని తాడ్వాయి హోటలుకు పాలు పోసేవాడు. పదమూడు మందిలో ఆయనా ఒకడే గానీ బెంచీ మీద కూర్చోడు, గుమ్మం దగ్గర నిలబడి బీడీ తాగుతూ వినేవాడు.

"బేటా, మా పని మాకే చెప్పెటందుకు గింత దూరం జీపేసుకుని వస్తరా?" అన్నాడొకరోజు నాతో.

"గది కాదు చాచా. భూమిలో నత్రజని పెరగాలె."

"నత్రజని అంటె ఏంది? పెంటనేనా?"

"పెంటల ఉండేది."

"గట్లయితె పెంటనే అనరాదు, నోటికి సుకంగుంటది."

నాకు ఒళ్లు మండింది. చదువులేనాయనతో మాటలేంటని సైకిలెక్కి వచ్చేశాను.

ఆ ఏడు కాముని పున్నమి తెల్లారి సార్ ఒక కొత్త మాట తెచ్చాడు. భూమితల్లి ఒంటి మీద నూలుపోగు లేకుండా ఎండలో కాలిపోతోందట. మనం ఆమెకు చీర కట్టాలట. అంటే చెల్క మొత్తం గడ్డితో కప్పాలి. కింద తడి ఆరదు, వానపాములు బతుకుతాయి, వానలు పడేనాటికి గడ్డి మెత్తబడి ఎరువవుతుంది. మాట తప్పు కాదు. కాలవ నీళ్లున్న ఊళ్లో, గడ్డి మిగిలిపోయిన ఏడాదిలో చెప్పవలసిన మాట. మా ఊళ్లో ఆ ఏడు గడ్డి బియ్యం కంటే అపురూపం. పైగా మా దిక్కు ఒక పద్ధతి ఉంది. జొన్నకోతలు అయ్యాక పసులను కట్టేయరు. మళ్లీ వానలు పడేదాకా చేన్లన్నీ అందరివీ. ఎవరి పసి ఎవరి చేన్లో మేసినా ఎవరూ అదిలించరు. అలాంటి రోజుల్లో ఆరుబయట గడ్డి పరవడమంటే ఊరి పసులన్నింటికీ విస్తళ్లు వేయడమే. అంత తప్పు చేయాలంటే బాగా చదువుకుని ఉండాలి.

ఒక్కో ఇంటివాళ్లు కొంత గడ్డి ఇవ్వాలన్నాడు సార్. తలలూపే మహానుభావులందరూ నేల చూపులు చూశారు. చాచా మాత్రం గుమ్మంలోంచే "నా బర్రెలను అడిగి చెప్త" అని వెళ్లిపోయాడు. సార్ ముఖం చిన్నబోయింది. నా వైపు తిరిగి, "మీ ఇంటి నుంచి మొదలుపెడదామా? మీరిస్తే అందరూ ఇస్తారు" అన్నాడు. మా ఎడ్ల మాటేమిటని నేను నసిగాను. "చూద్దాం, ఎక్కడి నుంచైనా మేత తెప్పించే ఏర్పాటు చూద్దాం" అన్నాడు. ఆ పూట బాపు అక్కడ లేడు. అంతమంది ముందు నన్ను "మీరు" అన్నాడని ఉబ్బిపోయి, సరేనన్నాను.

మా ఇంటి పక్కన గడ్డివాము ఉండేది. బావి కింద పండిన కాస్త వరిగడ్డి, దాని పక్కన జొన్న సొప్ప, అంతే. ఒక తెల్లెద్దు, ఒక నల్లటి కర్రెద్దు. ఆ జతకు సగం కడుపు చొప్పున వేస్తే మృగశిర వానల దాకా సరిగ్గా వస్తుందని బాపు కంటితోనే కొలిచిపెట్టుకున్నాడు. సంఘంలో కలిపిన చెల్క పోగా మాకు మిగిలింది బావి కింది ఎకరం. జత నిలబడితే ఆ ఎకరం దున్నుకుంటాడు, నలుగురికి బాడుగ దున్ని ఇల్లు గడుపుతాడు. పడిపోతే రెక్కలు తప్ప ఏమీ లేవు. మా ఊళ్లో ఎడ్లున్నవాడు రైతు, లేనివాడు కూలి. ఆ రెండింటికీ మధ్య మా బాపుకు ఉన్నది ఆ గడ్డివామే.

"వామి ఇచ్చినంక ఎడ్లు ఏం తినాలె బిడ్డా?" అన్నాడు బాపు.

"సంఘం మేత తెప్పిస్తది బాపూ. సార్ చెప్పిండు."

సార్ అన్నది "చూద్దాం" అని. దాన్ని "తెప్పిస్తది" అని మార్చింది నేను. ఇంత చిన్న అబద్ధం అంత బరువు మోస్తుందని నేను అనుకోలేదు.

"భూమికి చీర కడుతున్నరు, మంచిదే. ఎద్దు కడుపుకు ఏం కడ్తరు?"

"నీకు చెప్పినా తెలువది బాపూ. ఇది సైన్సు."

బాపు కోపం తెచ్చుకోలేదు. కాసేపు వాము వైపు చూశాడు. "మాటిచ్చినవా?" అన్నాడు.

"ఇచ్చిన."

"నువ్వు మాటిచ్చినంక నేను కాదంటె నలుగుట్ల నీ ఇజ్జత్ పోతది. తీస్కపో. ఓ నాలుగు మోపులు మాత్రం ఉంచు."

నాలుగంటే నాలుగే మోపులు ఉంచి, మిగతాదంతా బండ్లకెత్తించాను. మా ఇంటి గడ్డి పోయేసరికి మిగతావాళ్లకు తప్పలేదు. వాళ్లు తెలివైనవాళ్లు. నల్లబడిన గడ్డి, ఎలుకలు కొరికిన గడ్డి, పసి ముట్టని గడ్డి ఏరి ఏరి తెచ్చారు. మంచి గడ్డి ఇచ్చిన పిచ్చివాడు ఊరు మొత్తానికి మా బాపు ఒక్కడే.

పరిచిన రోజే పొద్దు గుంకకముందు ఊరి పసులు వచ్చాయి. సార్ గుడ్డసంచి ఊపుతూ ఈ మూల నుంచి ఆ మూలకు పరుగెత్తాడు. నేను విజిల్ ఊదాను. బర్రెలు చెవులు కూడా కదపలేదు. చాచా గట్టు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. "దావత్ పెట్టిండ్రు గద బేటా, పిలువకున్న వస్తయి" అన్నాడు. మర్నాడు చుట్టూ తుమ్మకంప నాటించారు. ఇంటికొకరు చొప్పున కాపలా పెట్టారు. సంఘం చెల్క నుంచి ఒక్క గడ్డిపరక బయటికి పోరాదని తీర్మానం చేశారు. ఆ తీర్మానం అమలు చేసే పని నాది.

సంఘం మేత రాలేదు. రెండు రోజులకోసారి అడిగేవాణ్ని. "లారీ మాట్లాడుతున్నాం" అనేవాడు సార్. నేను ఇంటికొచ్చి "లారీ బయలుదేరింది" అనేవాణ్ని. ఉంచిన నాలుగు మోపులు పది రోజులకు కూడా సరిపోలేదు. బాపు కొడవలి తీసుకుని గుట్టకు పోయి ఏ ఆకు దొరికితే ఆ ఆకు తెచ్చాడు. తరవాత ఒకరోజు ఇంటికొచ్చి చూస్తే ఎడ్ల కొట్టం మీద కప్పు సగం లేదు. కొట్టం మీద కప్పిన పాతగడ్డి, పొగచూరి ఎండకు ఎండి నల్లబడ్డ గడ్డి పీకి, నీళ్లు చల్లి ఎడ్లకు వేస్తున్నాడు. తెల్లెద్దు పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టవచ్చు. కప్పు లేని సగంలోంచి ఎండ వాటి వీపుల మీద పడుతోంది. అవ్వ, మా దిక్కు అమ్మను అలాగే పిలుస్తాం, నాకు కంచం పెట్టింది. నేను అన్నం తిని సైకిలెక్కాను. తినగలిగాను, అదీ నా గొప్ప.

ఉగాది నాడు చుట్టాలొచ్చినట్టు రెండు జీపుల్లో పట్నం వాళ్లు దిగారు. మోదుగుల దగ్గర చప్పట్లు అయ్యాక సంఘం చెల్కకు నడిచారు. మా ఊళ్లో ఉగాది నాడు పొద్దున్నే నాగలి కట్టి నాలుగు సాళ్లయినా దున్నుతారు. కరువు రానీ, కాటకం రానీ, ఆ నాలుగు సాళ్లు తప్పవు. సంఘం చెల్కలో ఆ రోజు నాగలి పెట్టకూడదన్నాడు సార్. నాగలి అంటే నేలకు గాయమట. ఆ మాట వచ్చినవాళ్లకు ఎంతో నచ్చింది. ఒకావిడ పుస్తకంలో రాసుకుంది. సార్ వానపాములు చూపిద్దామని ఒకచోట గడ్డి పైకెత్తాడు. వానపాము ఒక్కటీ లేదు, గడ్డినిండా చెదలు. ఎర్రనేల మీద ఎండుగడ్డి వేస్తే చెదలు పడతాయని మా ఊళ్లో నాలుగేళ్ల పిల్లను అడిగినా చెబుతుంది. సార్ క్షణం తడబడి, "ఇవీ నేలకు మిత్రులే" అన్నాడు. అందరూ వంగి మిత్రులను చూశారు.

అప్పుడే పడమటి మూలన తుమ్మకంప జరిపి ఒక మనిషి లోపలికి రావడం కనిపించింది. చేతిలో గంప. గొంతుక్కూచుని గడ్డి పరకలు తీసి, దులిపి, చెదమట్టి రాలగొట్టి, గంపలో వేసుకుంటున్నాడు. చెద కొట్టని పరకలు ఏరుకుంటున్నాడు. నాలుగు సాళ్ల కోసం జతకు ఆ పూటకైనా కాస్త మేత పెట్టాలనుకున్నాడు. చూడగానే నేను విజిల్ ఊదాను. ఊదిన తరవాత తెలిసింది మా బాపని. కాదు, ఇక్కడ కూడా అబద్ధం ఎందుకు? ముందే తెలుసు.

"ఎవరాయన? మీ సభ్యుడేనా?" అని మెడలో కెమెరా వేసుకున్నాయన అడిగాడు.

సార్ నా వైపు చూశాడు. సార్‌కు బాపు తెలుసు. మా ఇంట్లో రెండుసార్లు జొన్న గట్క తిని, బాగుందని అడిగి మళ్లీ వేయించుకున్నాడు.

"ఎవరో ఊరాయన సార్. ఎంత చెప్పినా వినరు" అన్నాను.

మధ్య మాట వినబడనంత దూరం లేదు. బాపు లేచి నిలబడ్డాడు. నా ముఖం చూడలేదు. వచ్చినవాళ్లకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. తరవాత గంప బోర్లించి, ఏరుకున్న గడ్డి ఎక్కడిదక్కడే వేసి, నేల కనిపించకుండా అరచేత్తో సమంగా సర్ది, ఖాళీ గంప తీసుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ తాను జరిపిన తుమ్మకంపను మళ్లీ అడ్డంగా లాగి పోయాడు.

"చూశారా, ఓపికగా చెబితే అర్థం చేసుకుంటారు" అంది రాసుకుంటున్నావిడ.

నేను ఇంటికి వెళ్లేసరికి అవ్వ పండుగకు బచ్చాలు చేసి పెట్టుకుని కూర్చుంది. బాపు తిట్టలేదు. తిడితే బాగుండునని నేను ఆ పూటంతా ఇంట్లోనే తిరిగాను. నాగలి గోడకే ఆనించి ఉంది. దున్నలేదేమని అవ్వ అడిగితే, "తెల్లది లేస్తలేదు" అన్నాడు, అంతే.

తెల్లెద్దు మళ్లీ సరిగా లేవలేదు. సంగతి తెలిసి చాచా తన బర్రెల గడ్డిలోంచి ఒక మోపు నెత్తిన పెట్టుకొచ్చాడు. ఎద్దు ముందు వేస్తే వాసన చూసి తల పక్కకు తిప్పుకుంది. రెండో రోజు పోయింది. ఒంటెద్దుతో ఏం చేస్తారు? కర్రెద్దును చాచానే ఎల్లారెడ్డి అంగడికి తోలుకుపోయాడు. దాన్ని పంపేటప్పుడు బాపు మెడపట్టెడ విప్పుకుని, చేతిలో పట్టుకుని, కొట్టంలో చాలాసేపు నిలబడ్డాడు. సంఘం లారీ మేత వేసుకుని వచ్చింది ఆ తరవాత పదిహేను రోజులకు. ఊరి నడుమ దాన్ని ఆపి, దండ వేసి, ఫోటో తీశారు.

ఎండలు మండుతున్నాయి. వానలు పడేలోపు గుట్ట కింద కందకాలు తవ్వించాలని సంఘం కూలీలను పిలిచింది. పొద్దున్నే సంఘం చెల్క గట్టు దగ్గర పారలు పట్టుకుని జనం వరుసగా నిలబడ్డారు. నేను ఒక రాతి మీద కూర్చుని పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకుంటున్నాను. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వచ్చారు గనక అన్నీ అడగాలని సార్ ఆజ్ఞ. తల ఎత్తకుండా రాసుకుంటూ పోతున్నాను. ఒకరు కదిలితే ఇంకొకరు. ఒకచోట కాళ్లు చూసి గుర్తుపట్టాను.

బాపు పార భుజాన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన నిలబడ్డ చోటికి నాలుగు బారల దూరంలో, ఆ కమతంలోనే, ఆయన చెల్క ఉంది.

"నువ్వెందుకు వచ్చినవ్ బాపూ? ఇంటికి పో" అన్నాను, ఎవరికీ వినబడకుండా.

ఆయన వెనక నిలబడ్డవాళ్లకు కూడా వినబడేలా తన పేరు చెప్పాడు. నేను రాయలేదు. రెండోసారి చెప్పాడు. రాశాను. తరవాత తండ్రి పేరు చెప్పాడు. మా ఇళ్లల్లో పెద్దకొడుక్కి తాత పేరు పెడతారు. ఆ పేరు నాదే. నా పేరు నేనే రాసుకున్నాను.

"ఊరు ఇదే" అన్నాడు బాపు, నేను అడగకముందే. వెనకవాడికి జాగా ఇచ్చి, పార దించి, కందకం వైపు నడిచాడు.